రాయి కింద కొలువున్న డబ్బా గారికి

డబ్బా గారూ,

జియోకాషింగ్ అని ఒక ఆట ఉంది కదా, ఒకరు డబ్బా దాచి అదున్న చోటు జీపీఎస్ లెక్కల్లో చెబితే, మిగతావాళ్ళు ఫోను పట్టుకుని వెతికి, దొరికాక అందులోని నోట్‌బుక్‌లో సంతకం పెట్టేది, ఆ ఆటలో పోయిన ఆదివారం మీకోసం గంటన్నర వెతికిన కుటుంబంలో తండ్రిని నేను. గుర్తుపట్టే ఉంటారు, మీకు రెండడుగుల దూరంలో మూడుసార్లు నిలబడి "ఇక్కడ లేదు, పదండి" అన్నది నేనే.

ముందు మీ క్లూ సంగతి తేలుద్దాం. "రాయి కింద చూడండి" అట. అయ్యా, ఆ కాలిబాట పొడవునా ఉన్నవి రాళ్ళే! పైగా కష్టం రేటింగ్ 5కి 1.5. ఇచ్చింది దాచిపెట్టిన మహానుభావుడే, ఆయనకేం, కళ్ళు మూసుకున్నా దొరుకుతారు మీరు.

ఇక జీపీఎస్. 20 వేల కిలోమీటర్ల పైన తిరిగే ఉపగ్రహాలను పట్టుకుని తానెక్కడుందో లెక్కగట్టే ఫోను, చెట్ల కిందికి రాగానే బుర్ర తిరిగినట్టు అయిపోయింది, మూడు మీటర్లే అంటుంది, ఒకడుగు వేస్తే పదకొండు అంటుంది, చివరికి బాణం నా వైపే తిప్పింది. 2000 మే 2న అమెరికా ప్రభుత్వం మామూలు జనం వాడే జీపీఎస్‌లో కావాలని కలిపే తప్పును ఆపేస్తే, మర్నాడే డేవ్ అల్మర్ అనే ఆయన ఒరెగాన్ రాష్ట్రంలో ఒక బకెట్ దాచాడు, మీ జియోకాషింగ్ ఆట అలా పుట్టింది. అంటే మీ వంశంలో మూలపురుషుడు బకెట్. బకెట్ అయితే కనీసం కాలికి తగులుతుంది. మీరేమో టిఫిన్ డబ్బా సైజు, ఆకుపచ్చ రంగు, మూత మీద నాచు.

ఆట తెలియనివాళ్ళ కంట మిమ్మల్ని పడనివ్వకూడదు కదా, అందుకని ఎవరొచ్చినా వంగి షూ లేసు కట్టుకున్నాను. నాలుగోసారి ఒక పెద్దాయన ఆగి "ఏమైనా పోయిందా బాబూ?" అన్నారు. ఏం చెప్పను? నోటికొచ్చింది ఉంగరం. పాపం, ఆయనా వంగి వెతకడం మొదలుపెట్టారు.

చివరికి మిమ్మల్ని పట్టింది, "నా వల్ల కాదు" అని అలిగి కూర్చున్న మా ఏడేళ్ళవాడు. కూర్చున్న రాయి ఊగింది. వీధి చివరిదాకా నడవమంటే కాళ్ళు నొప్పులనే ఈ వెధవ, నేను పిలిస్తే రాడు గానీ మీరు పిలిస్తే ఐదు కిలోమీటర్లు నడిచాడు, అదీ నా కడుపుమంట.

లోపలేముంది? తడిసిన నోట్‌బుక్, ముల్లు విరిగిన పెన్సిల్, ఒక గుండీ, తోక లేని డైనోసార్. ఒకటి తీసుకుంటే దానికి తగ్గది ఒకటి పెట్టాలని రూలు. మావాడు డైనోసార్ తీసుకుని నా కీచైన్‌కున్న ఇత్తడి ఏనుగును ఊడదీసి పెట్టేశాడు, "నువ్వెలాగూ ఆడుకోవుగా నాన్నా" అని. ఆ తర్వాత మిమ్మల్ని మళ్ళీ అదే రాయి కింద దాచాం. కొండను తవ్వి ఎలుకను పట్టడం విన్నాం గానీ, పట్టిన ఎలుకను తిరిగి కొండలో పెట్టి రావడం ఇదే చూడటం.

తిరిగొస్తుంటే ఆ పెద్దాయన ఇంకా పొదలు కదిలిస్తున్నారు. "దొరికిందా బాబూ?"

"దొరికిందండీ" అన్నాను.

మా ఆవిడ నా వేళ్ళ వంక చూసింది. "ఏ ఉంగరం?"

ఇట్లు,
మీ నోట్‌బుక్‌లో చివరి సంతకందారు