గరాటులో వేపాకు, లెక్కకు రాని వాన

2023 జులై 27 ఉదయానికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. 2013లో వాజేడులో పడిన 517.5 మిల్లీమీటర్ల తెలంగాణ రికార్డు చెరిగిపోయింది. ఆ తెల్లవారుజామునే మోరంచ వాగు ముంచెత్తడంతో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి జనం ఇంటి కప్పులెక్కి, చెట్లెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఒక్క మిల్లీమీటరంటే ఎకరానికి నాలుగు వేల లీటర్లు. ఆ లెక్కన లక్ష్మీదేవిపేటలో ఎకరానికి 26 లక్షల లీటర్లు కురిసినట్టు. అసలు పడ్డది అంతకన్నా ఎక్కువే అయి ఉంటుందని నా అనుమానం.

ఎందుకంటే ఆటోమేటిక్ కేంద్రాల్లో ఎక్కువగా వాడే వానమాపకంలో గరాటు కింద రెండు చిన్న దొప్పలుంటాయి. ఒకటి నిండగానే ఒరిగి నీళ్లు పారబోస్తుంది, రెండోది దాని చోటికొస్తుంది. ఎన్నిసార్లు ఒరిగిందన్నదే లెక్క. ముసురు వానను ఇది చక్కగా కొలుస్తుంది. గంటకు 100 మిల్లీమీటర్ల చొప్పున దంచికొడితే మాత్రం అర మిల్లీమీటరు వానకు నిండే దొప్ప 18 సెకన్లకోసారి ఒరగాలి. ఒరిగే ఆ కాస్త సేపట్లో పడ్డ నీళ్లు లెక్కలోకి రావు. వాన ఎంత ఉధృతమైతే లెక్క అంత తగ్గుతుంది. వాగు పొంగే గంటలోనే ఇలా జరగడం నన్ను కలవరపెడుతోంది.

పోయిన వానాకాలం ఒక ఆవరణలో వేపచెట్టు కిందే ఉన్న వానమాపకాన్ని చూశాను. గరాటు జాలి మీద ఎండిన వేపాకు, మట్టి పేరుకున్నాయి. వాన వెలిసి చాలాసేపయినా నీళ్లు బొట్టుబొట్టుగా దిగుతూనే ఉన్నాయి. చెట్టు ఎంత ఎత్తుంటే కనీసం దానికి రెండింతల దూరంలో పరికరం ఉండాలి. డాబాల మీద పెడితే ఇంకో చిక్కు, గాలి చినుకుల్ని మూతి మీదుగా ఎగరేసుకుపోతుంది. హిమాలయాల్లో మంచు కొలిచేవాళ్లకు ఇదే పెద్ద బాధ. అడ్డు లేకపోతే గాలికి ఒక్కోసారి సగం మంచు కూడా చిక్కదు. అందుకే అలాంటి చోట్ల చుట్టూ పలకల దడి కడతారు, మంచును తూచే పరికరాలు వాడతారు.

మనకు అంత ఖర్చు అక్కర్లేదు, చిన్న పరీక్ష చాలు. వానమాపకం మూతి 20 సెంటీమీటర్ల వెడల్పుంటే 314 మిల్లీలీటర్ల నీళ్లు మెల్లగా పోయాలి, అది 10 మిల్లీమీటర్లు చూపాలి. తర్వాత అవే నీళ్లు వేగంగా పోసి ఎంత తగ్గిందో రాసుకుంటే, జడివానకు ఎంత కలపాలో తెలుస్తుంది. ఆ ఫలితాన్ని తేదీతో సహా జనానికి కనిపించేలా పెట్టాలి. పత్తి గింజ పెట్టాలంటే 60, 70 మిల్లీమీటర్లు పడి నేల పదునెక్కాలని అధికారులు ఏటా చెబుతారు. కరువు మండలాలను తేల్చడానికీ వర్షపాతం లెక్కే ఆధారం. మృగశిర కార్తె రాకముందే, మోరంచ వాగు ఎగువన ఉన్న కేంద్రాలతోనే ఈ పరీక్ష మొదలుపెట్టాలి.