అడగడానికి నోరు రాలేదా?

ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం 2020 సెప్టెంబరు 25న కన్నుమూశారు. 2023 నవంబరు 3న విడుదలైన ‘కీడా కోలా’ సినిమాలో ఆయన గొంతు వినిపించింది. ఎప్పుడో పాడి ఉంచిన పాట కాదు, పాత టేపుల్లో దొరికిన ముక్కా కాదు. ఏఐతో తయారుచేసిన గొంతు. తమను ఎవరూ ఒక్క మాట అడగలేదని కుమారుడు చరణ్ అంటున్నారు. 2024 జనవరి 18న చిత్ర నిర్మాతలకు, సంగీత దర్శకుడు వివేక్ సాగర్‌కు లీగల్ నోటీసు వెళ్లింది. ఆ సంగతి ఫిబ్రవరిలో బయటికొచ్చింది. క్షమాపణ చెప్పాలి, నష్టపరిహారం కట్టాలి, రాయల్టీలో వాటా ఇవ్వాలి అన్నది నోటీసు సారాంశం. ఏఐ వాడినట్టు సంగీత దర్శకుడే ఒక ఇంటర్వ్యూలో చెప్పారన్నది కూడా అందులో ఉంది.

చట్టం ఎవరి పక్షమో కోర్టులు తేలుస్తాయి. మాకు కోపం తెప్పించింది అంతకంటే చిన్న విషయం: అడగకపోవడం. చరణ్ టెక్నాలజీని తిట్టలేదు. నాన్న గొంతుకు మరో జీవితం దక్కితే మంచిదేనన్నారు. చెప్పకుండా, అనుమతి లేకుండా వాడటమే బాధ కలిగించిందన్నారు. ఇది ఇలాగే వ్యాపారమైపోతే ఇప్పుడు పాడుతున్నవాళ్ల, రేపు పాడబోయేవాళ్ల పొట్ట కొట్టినట్టేనన్న భయమూ కుటుంబం వ్యక్తం చేసింది. ఇంత మర్యాదగా మాట్లాడే వారసులు దొరకడం ఈ పరిశ్రమ అదృష్టం.

అనుమతి గురించి బాలు ఎలా నడుచుకున్నారో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2017 మార్చిలో ఆయన అమెరికాలో కచేరీల మీద ఉండగా ఇళయరాజా తరఫు న్యాయవాది నుంచి నోటీసు వచ్చింది. తన పాటలను అనుమతి లేకుండా వేదికల మీద పాడవద్దని. వాటిలో ఎన్నో పాటలకు ప్రాణం పోసిన గొంతు బాలుదే. జనం అడిగేదీ ఆ పాటలే. అయినా ఆయన వాదనకు దిగలేదు. ఇలాంటి నిబంధన ఉందని తనకు తెలియదని, చట్టం అదే అయితే తలవంచుతానని చెప్పి, మిగతా సంగీత దర్శకుల పాటలతో కచేరీలు నడిపించారు. తాను పాడిన పాటను మళ్లీ పాడటానికి కూడా అనుమతి కావాలంటే సరేనన్న మనిషి ఆయన. ఆయన పాడనిది ఆయన గొంతుతో పలికించడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది!

ఇలాంటివి బయటపడ్డప్పుడల్లా రెండు మాటలు సిద్ధంగా ఉంటాయి. ఒకటి నివాళి. రెండోది పేరడీ. ముందు వాడేసుకోవడం, గొడవైతే దానికో మంచి పేరు పెట్టడం. ఈ పద్ధతి ఒక్కసారి చెల్లిందంటే ఇక ఆనవాయితీ అయిపోతుంది. ఇవాళ మా బెంగ అదే.

పేరడీ మాట అమెరికాలో ఎలా నడుస్తోందో చూడండి. జార్జ్ కార్లిన్ 2008లో చనిపోయిన స్టాండప్ కమెడియన్. అధికారంలో ఉన్నవాళ్లను మొహమాటం లేకుండా కడిగేసిన మనిషి. ‘డూడ్సీ’ అనే పాడ్‌కాస్ట్ నడిపేవాళ్లు 2024 జనవరి 9న ఆయన గొంతుతో దాదాపు గంటసేపు సాగే కొత్త షో ఒకటి యూట్యూబులో పెట్టారు. మొదట్లోనే ఒక హెచ్చరిక ఉంది. ఇది కార్లిన్ కాదు, మిమిక్రీ చేసే మనిషి ఎలా విని అనుకరిస్తాడో ఏఐ కూడా అలాగే అనుకరించింది అని. అదే నెల 25న వారసులు లాస్ ఏంజెలెస్ ఫెడరల్ కోర్టుకెక్కారు. వెంటనే కథ మారిపోయింది. ఆ స్క్రిప్టు ఏఐ రాయలేదని, పాడ్‌కాస్ట్ నడిపే ఇద్దరిలో ఒకరు రాశారని వాళ్ల ప్రతినిధే పత్రికలకు చెప్పారు. కేసు పడనంతవరకు ఘనత యంత్రానిది, కేసు పడ్డాక మనిషిది!

నిజానికి ఈ దారి 2022 అక్టోబరులోనే పడింది. అప్పటికి పదకొండేళ్ల కిందట చనిపోయిన యాపిల్ సహవ్యవస్థాపకుడు స్టీవ్ జాబ్స్‌ను అమెరికా పాడ్‌కాస్టర్ జో రోగన్ ఇంటర్వ్యూ చేసినట్టు ఒక పాడ్‌కాస్ట్ వచ్చింది. ఇద్దరి గొంతులూ యంత్రానివే. అప్పుడది వింతగా చలామణి అయిపోయింది. వింత అనుకుని నవ్వేసిన ప్రతిదీ తర్వాతివాడికి లైసెన్సు అవుతుంది.

మిమిక్రీకీ దీనికీ తేడా ఏమిటని అడిగేవాళ్లున్నారు. ఆ తేడా తెలుగువాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. వరంగల్ నేరెళ్ల వేణుమాధవ్ వేదికెక్కి ఎవరి గొంతు పలికించినా, ఎదురుగా కూర్చున్నవాళ్లకు కనిపిస్తున్నది వేణుమాధవే. జనానికి ఆయనా తెలుసు, ఆయన అనుకరిస్తున్న పెద్దమనిషీ తెలుసు. చప్పట్లు పడేది ఆ ఇద్దరి మధ్య దూరాన్ని ఒక మనిషి తన ఊపిరితో, తన కంఠంతో దాటినందుకు. పేరడీలో ఉన్న మజా కూడా అదే. పేరడీలకు పేరుపడ్డ కవి జరుక్ శాస్త్రి పేరడీ చదివి నవ్వుకున్నవాళ్లు ఎవరూ దాన్ని అసలు కవి రాశాడని పొరబడలేదు. బాలు సంగతే తీసుకోండి. అల్లు రామలింగయ్యకో రాజబాబుకో పాడాల్సి వస్తే వాళ్ల నోట్లోంచే పాట వచ్చినట్టు పాడేవారు. కమల్ హాసన్‌కు తెలుగులో గొంతు అరువిచ్చారు. ఆ నటులు తెర మీద ఉన్నారు, వాళ్లకు తెలిసే జరిగింది, పాడినవాడి పేరు టైటిల్స్‌లో పడింది. ఏఐతో గొంతుకు నకలు తీసే క్లోనింగ్‌లో తేడా కనబడకూడదన్నదే లక్ష్యం. తేడా ఎంత తక్కువగా వినిపిస్తే సాఫ్ట్‌వేర్ అంత గొప్పది. అసలుకూ నకలుకూ మధ్య సందు లేకుండా చేసి, ఆ పనికి పేరడీ అని పేరు పెట్టడం పేరడీ చేసేవాళ్లకే అవమానం.

ఏఐ గొంతుతో మేలు జరగదని ఎవరూ అనడం లేదు. జబ్బుతో మాట పోయినవాళ్లకు తమ గొంతును తిరిగి ఇవ్వగలదు. జైల్లో ఉన్న పాకిస్థాన్ మాజీ ప్రధాని ఇమ్రాన్ ఖాన్ 2023 డిసెంబరులో తన మద్దతుదారులతో మాట్లాడింది దీనితోనే. అక్కడ మాటలు పంపింది గొంతుగల మనిషే కాబట్టి దాని మీద మాకు పేచీ లేదు.

ఇక అడిగి చేయడం అంత కష్టమా అంటే, 2024 జనవరిలోనే పక్క రాష్ట్రంలో ఒకరు చేసి చూపించారు. తమిళ సినిమా ‘లాల్ సలామ్’లో ఒక పాటకు ఏఆర్ రెహమాన్ ఇద్దరు దివంగత గాయకులు షాహుల్ హమీద్, బంబా బక్యాల గొంతులు ఏఐతో వాడారు. కుటుంబాల అనుమతి తీసుకున్నామని, తగిన పారితోషికం పంపామని ఆయనే ప్రకటించారు. ఇందులోనూ మాకు పూర్తిగా మింగుడుపడనిది ఒకటుంది. 1990ల్లో పోయిన షాహుల్ హమీద్‌కు ఇలాంటి ప్రశ్న వేసినవాళ్లు లేరు, ఆయన జవాబు చెప్పిందీ లేదు. కానీ కనీసం ఇంటి తలుపు తట్టారు. ‘కీడా కోలా’ వివాదంలో కుటుంబం అడుగుతున్నదీ ఆ ఒక్క తట్టే.

ఇదంతా సినిమావాళ్ల గోల, మనకెందుకు అనుకునే పాఠకులకు ఒక మాట. 2024 జనవరి 21న అమెరికాలోని న్యూహాంప్‌షైర్‌లో ఓటర్లకు అప్పటి అధ్యక్షుడు బైడెన్ గొంతుతో ఫోన్లు వెళ్లాయి. పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలో ఓటు వేయవద్దు, నవంబరులో జరిగే అసలు ఎన్నికకు దాచుకోండి అని. ఆ గొంతు తయారుచేసిన మనిషి గారడీ ప్రదర్శనలు ఇచ్చుకునేవాడు. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదని, తనకు 150 డాలర్లు ముట్టాయని తర్వాత విలేకరులకు చెప్పాడు. చేయించిన రాజకీయ కన్సల్టెంటు కూడా ఒప్పుకున్నాడు. ఎందుకు చేయించావయ్యా అంటే, ఏఐతో ఎంత ప్రమాదమో జనాన్ని హెచ్చరించడానికట! నివాళి, పేరడీ అయిపోయాయి, ఇప్పుడు హెచ్చరిక. పేర్లకేం కొదవ? అక్కడి కమ్యూనికేషన్ల కమిషన్ ఫిబ్రవరి 8న ఏఐ గొంతుతో చేసే రోబో కాల్స్‌కు కూడా పాత నిషేధ చట్టం వర్తిస్తుందని తేల్చేసింది. అంటే ఫోన్లు వెళ్లి, పోలింగ్ కూడా ముగిశాక.

అప్పటికి మన దగ్గర పోలింగ్ ఇంకా జరగలేదు. లోక్‌సభతో పాటు ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీకి 2024 ఎన్నికలు ముంగిట్లో ఉండేవి. చెన్నైలో అప్పుడే మొదలైంది. ఆ జనవరిలో ఒక పుస్తకావిష్కరణ సభలో కరుణానిధి ఏఐ రూపంలో తెర మీదికొచ్చి ప్రసంగించారు. ఫిబ్రవరి 24న జయలలిత జయంతి నాడు అన్నాడీఎంకే ఆమె గొంతుతో ఒక సందేశం విడుదల చేసింది. పార్టీ నేత పళనిస్వామికి అండగా నిలవండని ఆ గొంతు కార్యకర్తలను కోరింది. పళనిస్వామికీ పన్నీర్‌సెల్వానికీ మధ్య పార్టీ చీలింది జయలలిత పోయాక. ఆమె ఎవరి వైపు ఉండేవారో చెప్పే హక్కు ఒక వర్గం చేతిలోని కంప్యూటరుకు ఎక్కడిది?

ఇప్పుడు అదే ప్రశ్న విజయవాడలో వేసుకోండి. ఎన్టీఆర్ గొంతు ఎవరిది? 2024 ఎన్నికల నాటికి ఒక అల్లుడు తెలుగుదేశం అధ్యక్షుడు. ఒక కూతురు అప్పటి రాష్ట్ర బీజేపీ అధ్యక్షురాలు. భార్య వైసీపీలో ఉన్నారు. వైఎస్ గొంతు ఎవరిది? కొడుకు అప్పటి ముఖ్యమంత్రి, కూతురు 2024 జనవరిలోనే రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షురాలయ్యారు. తండ్రి ఆశయాలు తమవేనని ఇద్దరూ సభల్లో చెప్పుకున్నారు. ‘కుటుంబం అనుమతి’ అనే నియమం ఒక్కటే పెడితే, రేపు ఒకే వైఎస్ రెండు మైకుల్లో రెండు పార్టీలకు ఓటేయమంటారు. రెండింటికీ కుటుంబం అనుమతి ఉంటుంది! ఒక పాటకు అడగకుండా వాడుకున్నదాన్ని చూసీచూడనట్టు వదిలేస్తే, ఓటుకు వాడుకున్నవాణ్ణి ఏ ముఖం పెట్టుకుని ఆపుతాం? వాడు కూడా నివాళే అంటాడు. గట్టిగా నిలదీస్తే పేరడీ అంటాడు.

చట్టం విషయానికొస్తే, ఉన్నవాడికి ఉన్నంత. 2022 నవంబరులో అమితాబ్ బచ్చన్, 2023 సెప్టెంబరులో అనిల్ కపూర్ ఢిల్లీ హైకోర్టుకెళ్లి తమ పేరు, రూపం, గొంతు ఎవరూ వాడకుండా ఉత్తర్వులు తెచ్చుకున్నారు. మంచిదే. అనిల్ కపూర్ కేసులో కోర్టు వ్యంగ్యానికి, విమర్శకు ఉన్న స్వేచ్ఛను కూడా గుర్తించింది. కానీ ఢిల్లీలో సీనియర్ లాయరును పెట్టుకునే తాహతు ఎంతమందికుంటుంది? కాపీరైట్ చట్టం గాయకుడు చేసిన ప్రదర్శనకు 50 ఏళ్ల రక్షణ ఇస్తోంది. అతడు ఎన్నడూ పాడని పాటను అతడి గొంతుతో పుట్టిస్తే ఏమిటన్నది సూటిగా చెప్పదు. ఒక గొంతును అనుకరించడానికి మూడు సెకన్ల శాంపిల్ చాలని మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2023 జనవరిలోనే ప్రకటించారు. నటి రష్మిక మొహాన్ని మరొకరి వీడియోకు ఏఐతో అతికించిన డీప్‌ఫేక్ కేసులో ఢిల్లీ పోలీసులు గుంటూరు జిల్లా దాకా వచ్చి నిందితుణ్ణి పట్టుకున్నారు. అదే చురుకుదనం ఒక డబ్బింగ్ ఆర్టిస్టు గొంతు పోయిందంటే చూపిస్తారా? తెలుగు తెర మీద ఎందరో నాయికలు మాట్లాడేది వీళ్ల గొంతుతోనే. పోస్టర్ మీద పేరుండదు. అసలు తమ గొంతును యంత్రానికి నేర్పారన్న సంగతి వీళ్లకు తెలిసేదెలా? బాలు గొంతునే అడగకుండా తీసుకోగలిగినవాళ్లు, పేరు కూడా తెలియని ఆ అమ్మాయిని అడుగుతారా?

కేంద్రం 2023 డిసెంబరులో సోషల్ మీడియా సంస్థలకు డీప్‌ఫేక్‌ల మీద ఒక అడ్వైజరీ పంపి చేతులు దులుపుకుంది. దానితో పనవదు. బతికున్న మనిషి రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే గొంతును క్లోన్ చేయాలి. పోయినవాళ్ల విషయంలో వాళ్లు ముందే రాసిపెట్టిపోయిందే చెల్లాలి. అది లేనప్పుడు పాటకైతే వారసులందరి సంతకాలూ ఉండాలి. ఓట్ల కోసమైతే ఎవరి సంతకమూ చెల్లకూడదు. ఇది యంత్రం గొంతు అన్న మాట మొదట్లోనే చెవికి వినబడేలా చెప్పాలి, చివర పరుగెత్తే పేర్లలో చీమ తలంత అక్షరాల్లో కాదు. ఏ ఎన్నికలకైనా ఎన్నికల సంఘం షెడ్యూలు ప్రకటించేలోపే పార్టీల చేత ఈ మాట ఒప్పించాలి. ఒప్పుకోని పార్టీ పేరు ప్రకటిస్తే ఇంకా మంచిది.

ఫిల్మ్ చాంబర్, నటుల సంఘం ‘మా’ ఈ వ్యవహారం మీద గట్టిగా నోరు విప్పాలి. తమ సినిమాలో పది సెకన్ల ముక్క ఎవరో కుర్రాడు యూట్యూబులో పెడితే కాపీరైట్ స్ట్రైక్ కొట్టే పరిశ్రమ ఇది. పైరసీ మీద ప్రభుత్వాల చుట్టూ తిరిగి, తమ కష్టం దొంగల పాలవుతోందని వాపోయే పరిశ్రమ. మరొకరి కష్టం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రయోగం, సృజన, అభిమానం అంటూ కబుర్లు చెబితే ఎలా? చరణ్ ఎక్కడో అడవుల్లో లేరు. ఇదే పరిశ్రమలో పాడుతున్నారు, సినిమాలు నిర్మించారు. ఆయన ఫోన్ నంబరు దొరకలేదని ఎవరైనా చెబితే మేం నమ్మం.