గీతకు అవతలి మడ

కాకినాడ దగ్గర కోరింగ మడ అడవిలో, చెక్క వంతెన మీద, సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళ, ఓ పది నిమిషాలు ఆగి కిందికి చూడండి. నీళ్లు తీసిన బురదలోంచి జానెడు పొడవు వేర్లు మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. గాలి ఆడని ఆ బురదలో మడ చెట్టు ఊపిరి తీసుకునేది వాటితోనే. ఆకును వేలితో రాసి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పగా తగులుతుంది. (తుంచకండి, అది అభయారణ్యం.) తాగిన ఉప్పును చెట్టు అలా ఆకుల్లోంచి బయటికి నెట్టేస్తుంది.

1978లో 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు మేర గీత గీసి అభయారణ్యం అన్నారు. టూరిస్టులు వస్తున్నారు, సంతోషం. మా పేచీ ఆ గీతతోనే. మడకు పోటుతో వచ్చే ఉప్పునీరు ఎంత అవసరమో, గోదావరి మంచినీరూ అంతే అవసరం. ఆ నీటిని వదిలే ధవళేశ్వరం ఆనకట్ట గేట్లు మాత్రం అటవీశాఖ చేతిలో లేవు. వేసవిలో ఎగువ నీళ్లన్నీ కాలవలకు మళ్లాక గౌతమి పాయకు మిగిలేది స్వల్పం. అడవి చుట్టూ గార్డులను పెట్టినంత మాత్రాన బురదలో ఉప్పు తగ్గదు.

ఇక ఈ మడలో తిరిగే నీటిపిల్లి. ఇంటిపిల్లికి రెట్టింపు ఉంటుంది. ఒంటి నిండా మచ్చలు, వేళ్ల మధ్య కాస్త పొర. రాత్రిళ్లు నీళ్ల ఒడ్డున కదలకుండా కూర్చుని, చేప పైకి రాగానే పంజా విసురుతుంది, కుదరకపోతే దూకేస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులితో పాటు మొదటి షెడ్యూల్లో ఉన్న జంతువిది. సర్వే రాళ్ల సంగతి దానికేం తెలుసు? గీత దాటి చేపల చెరువు గట్టెక్కిన మరుక్షణం చేపల దొంగ అయిపోతుంది. రైతు కోపాన్నీ తప్పుపట్టలేం. అప్పు తెచ్చి చెరువులో చేపపిల్లలను వదిలింది అతనే. ఆ నష్టం చెల్లించే బాధ్యత ప్రభుత్వం తీసుకోకుండా, ఉచ్చులు పెట్టొద్దని గోడల మీద రాస్తే సరిపోతుందా?

గీత బయటి మడకు ఆ పాటి దిక్కు కూడా లేదు. కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాల కోసం మడ కొట్టి చదును చేసిన వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. పేదలకు ఇళ్లు వద్దని ఎవరూ అనరు. కానీ ఖాళీ జాగా కావాలనగానే మడే కళ్లకు కనబడటం ఏం రోగమో! 1839 ఉప్పెనకు కోరింగ రేవు తుడిచిపెట్టుకుపోయింది. అదే తీరంలో, సముద్రానికి ఎదురు నిలిచే చెట్లను మనమే నరుక్కుంటున్నాం.

ప్రభుత్వ భూముల్లో ఎక్కడ మడ ఉన్నా అటవీశాఖకు అప్పగించాలి. పూడిపోయిన పాయలను తిరిగి తవ్వాలి. ఏటా వేసవిలో గౌతమికి ఇన్ని నీళ్లు అని ముందే లెక్క కట్టాలి. ఆ లెక్కలు వేసే ఇరిగేషన్ మీటింగులో అటవీశాఖకు ఓ కుర్చీ వేయడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, వచ్చే వేసవికే వేయొచ్చు.