నిపుణుడి మాట ఎప్పుడు కావాలి?

రోగి తరఫు నిపుణుడి అఫిడవిట్ (ప్రమాణం చేసి రాసిచ్చే వాంగ్మూలం) బలంగా లేదని, న్యూయార్క్‌లో డాక్టర్లపై కేసుల్ని సమ్మరీ జడ్జిమెంట్‌లోనే, అంటే పూర్తి విచారణ లేకుండానే, కొట్టేయడం అన్యాయమని మీ వ్యాసంలో రాశారు. నేను పూర్తిగా ఒప్పుకోలేను. అక్కడి అత్యున్నత కోర్టు 1986లో ఇచ్చిన అల్వారెజ్ తీర్పు ప్రకారం, అలా కేసు కొట్టేయమని అడిగినప్పుడు తన తప్పు లేదని ముందుగా చూపాల్సింది డాక్టరే. ఆ తర్వాతే రోగి వంతు. అప్పుడు రోగి తరఫు నిపుణుడు ‘వైద్యం సరిగ్గా లేదు’ అని ఒక్క ముక్క రాసిస్తే ఎలా సరిపోతుంది? ఏ పరీక్ష చేయలేదు, దానివల్ల ఏం జరిగింది అన్నది రికార్డుల్లోంచి చూపించాలి కదా.

కానీ తప్పు కళ్లముందే కనిపిస్తుంటే? గర్భసంచి ఆపరేషన్ తర్వాత 18 అంగుళాల గుడ్డ పొట్టలో ఉండిపోయిన కేసులో, నిర్లక్ష్యం జరిగిందో లేదో జ్యూరీయే (కేసు వినే సాధారణ పౌరులే) తేల్చుకోవచ్చని 1997లో అక్కడి కోర్టే చెప్పింది. మన సుప్రీంకోర్టు కూడా 2010లో, మలేరియా రోగికి టైఫాయిడ్ వైద్యం చేసిన హైదరాబాద్ కేసులో, ప్రతిసారీ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదంది. ఈ తేడా మీ వ్యాసంలో రాలేదని బాధగా ఉంది.