నాలుగు థాంగులు, ఒక వాత

నడుం ఇంకా మండుతోంది. బోర్లా పడుకునే రాస్తున్నాను.

ఉద్యోగం మీద వుహాన్ వచ్చి ఎనిమిది నెలలైంది. నడుం పట్టేసింది. ఆఫీసులో నా పక్క సీటు పెద్దమనిషి దృష్టిలో అన్ని రోగాలకూ కారణం నేను తాగే ఐసు కోకే. మందులు రెండే: వేడినీళ్లు, లేదంటే ఒంట్లో చేరిన తేమ తీయించుకోవడం. సూదులంటే భయమన్నాను. "సూదులుండవు, ఆకు పొగ అంతే" అన్నాడు. మనం ఆక్యుపంక్చర్ అని సరిపెట్టేసే వైద్యానికి చైనీస్‌లో పేరు ‘జెన్‌జియు’. జెన్ అంటే సూది. జియు అంటే ఏమిటో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. కాల్చడమట. 2010లో యునెస్కో వారసత్వ జాబితాలోకి కూడా రెండూ జంటగానే ఎక్కాయి.

మూడు మీటింగులు ఎగ్గొట్టి వెళ్లాను. ఒక్కసారికి డబ్బు తీసుకోరు. పదిసార్లకు కార్డు కొనాల్సిందే, డబ్బు వాపసు లేదు.

బోర్లా పడుకోబెట్టారు. వచ్చినావిడను అందరూ ‘ఆయీ’ అంటున్నారు, అంటే పిన్ని. నడుం మీద ఒక చెక్కపెట్టె పెట్టింది. అడుగున ఇనప జల్లెడ, దాని పైన చుట్టంత లావు ఆకు కడ్డీ ముక్కలు, రాజుకుంటూ. "చీచున్ ఆకు!" అంది గర్వంగా. చీచున్ ఇదే హుబే రాష్ట్రంలోది, పాతకాలపు మహా వైద్యుడు లీ షిజెన్ సొంతూరు. ఆకు మూడేళ్లు మాగిందట. పొగ ముక్కుకు తగలగానే నాకు మాత్రం వినాయక చవితి గుర్తొచ్చింది. ఇరవయ్యొక్క పత్రిలో మొట్టమొదటిది మాచీపత్రం, ఈ ఆకు దానికి వరసకు దాయాది. మనం పూజ చేసి ఊరుకుంటాం. వీళ్లు ముట్టిస్తారు.

మొదట పది నిమిషాలు ఇసక మూటతో కాపడం పెట్టినంత హాయి. తరవాత వెన్నెముకకు ఎడంపక్క ఒక్కచోట, రూపాయి బిళ్లంత మేర, చురుక్కుమంది.

"కాలితే థాంగ్ అను" అని పెద్దమనిషి నేర్పి పంపాడు. నేర్పనిదేమిటంటే థాంగులు నాలుగు. గొంతు పైనే నిలబెట్టి అంటే సూపు. కింద నుంచి పైకి లేపితే చాక్లెట్. దించి లేపితే పడుకోవడం. పైనుంచి ఠపీమని కింద పడేస్తేనే కాలుతోందని. నాకు తెలియక అడుగుతాను, కాలుతున్నవాడి గొంతు కిందికెలా దిగుతుంది? ఆ నాలుగో థాంగ్ అనాలంటే వీధికుక్కను "ఛీ, ఫో!" అన్నంత కోపం కావాలి. నా దగ్గరున్నది భయం. భయం పైకే పోతుంది.

"థాంగ్?" అన్నాను.

ఆవిడ ముచ్చటపడింది. జేబులోంచి ఒక చాక్లెట్ తీసి, కాగితం విప్పి, స్వయంగా నా నోట్లో పెట్టింది. చూడండి నా పరిస్థితి. నడుం మీద నిప్పు, నోట్లో బెల్లం రంగు చాక్లెట్, అదీ పళ్లకు అతుక్కునే రకం. అనువాదం చేసే ఫోను గోడ మేకుకు వేలాడుతున్న ప్యాంటు జేబులో. మళ్లీ గట్టిగా ప్రయత్నించాను. గొంతు దిగి లేచింది. "పడుకునే ఉన్నారుగా!" అని వీపు మీద తట్టి దుప్పటి సర్దింది. మూడోసారి అసలు భాష సంగతే మరిచిపోయి సాగదీసి అరిచాను. అది సూపు అయ్యుంటుంది, ఆవిడ పక్క బల్ల మీదావిడతో ఏదో అంటే ఇద్దరూ నవ్వారు. పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారు. నక్కకు కనీసం మధ్యలో చాక్లెట్ ఎవరూ ఇవ్వలేదు.

చివరికి పెట్టె తీశాక అద్దంలో చూపించింది. ఎర్రగా గుండ్రంగా బొట్టుబిళ్ల. "మంచిది, చలి బయటికొస్తోంది!" నాలుగు గంటలు స్నానం వద్దు, చల్లనివి ముట్టొద్దు, మిగిలిన తొమ్మిదిసార్లూ మూడు నెలల్లోపు వాడుకోవాలి.

పొద్దున ఆఫీసుకెళ్లేసరికి పెద్దమనిషి మందు సిద్ధంగా ఉంచాడు, గ్లాసునిండా. ఒక్క గుక్కకే నాలుక కాలింది. గ్లాసు బల్ల మీద ఠక్కున పెట్టి, ఆయన మొహంలోకి చూస్తూ అన్నాను:

"థాంగ్!"

"అరె, ఉచ్చారణ బాగా కుదిరిందే" అన్నాడు.