పిలిచారు కదా అని పొలం అమ్మితే ఎలా?

అరవై దాటాక ఇక్కడివన్నీ అమ్ముకుని అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిపోవడమే మేలని ఒకరు రాశారు, అంత తేలిక కాదండీ. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె, మా వీధిలోనే ఎన్ని ఇళ్లకు తాళాలున్నాయో. కొడుకు సిటిజన్ అయితే తల్లిదండ్రుల గ్రీన్‌కార్డుకు కోటా అడ్డు లేదు, నిజమే. కానీ కార్డు వచ్చిందని మెడికేర్, అంటే అక్కడి పెద్దవాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా, రాదు. 65 నిండాలి, అక్కడ ఉద్యోగం చేయని మనలాంటివాళ్లు ఐదేళ్లు వరుసగా అక్కడే ఉండాలి, ఆ తర్వాతా ప్రీమియం కట్టుకోవాల్సిందే. అప్పటిదాకా బీపీ గోలీలకూ మోకాళ్లకూ కొడుకు జేబే దిక్కు. పోనీ వరికోతలకని వచ్చి ఆర్నెల్లు దాటామా, తిరిగి వెళ్లేటప్పుడు ఎయిర్‌పోర్టులో సవాలక్ష ప్రశ్నలు, ఏడాది దాటితే కార్డుకే ఎసరు.

పిల్లవాడు ఇంకా హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీదే ఉంటే ఇక చెప్పేదేముంది? 2025 సెప్టెంబరులో ట్రంప్ లక్ష డాలర్ల ఫీజని సంతకం పెట్టిన రోజు మా వాట్సాప్ గ్రూపులో ఎవరికీ నిద్ర లేదు, అది కొత్త దరఖాస్తులకేనని తెలిసేదాకా ఒకటే టెన్షన్. మా ఆవిడ మాత్రం మనవరాలి కోసం అప్పుడే పచ్చళ్లు ప్యాక్ చేయిస్తోంది. నేను ఒప్పుకున్నది విజిటర్ వీసాకే, అదీ పొలం కౌలుకిచ్చి.