గెయిన్ సగంలో పెడితే కూత ఆగుతుందా?

చిన్న మిక్సర్లు వాడేవాళ్లలో ఈ చిట్కాలు బాగా తిరుగుతున్నాయి: "గెయిన్ ఎప్పుడూ సగంలో ఉంచండి. కూత వస్తే గెయిన్ తగ్గించి ఫేడర్ పెంచండి, లేదా ట్రెబుల్ తీసేయండి. ఫాంటమ్ బటన్ నొక్కితే మామూలు మైకు కాలిపోతుంది." గెయిన్ అంటే మైకు సిగ్నల్ మిక్సర్‌లోకి రాగానే దాన్ని పెంచే నాబ్, ఫేడర్ ఆ తర్వాత ఛానల్ శబ్దాన్ని పెంచే మీట. కూత అంటే ఫీడ్‌బ్యాక్, స్పీకరు శబ్దం మళ్లీ మైకులోకి దూరి కీచుమనడం. ఫాంటమ్ అంటే మిక్సర్ నుంచి కేబుల్ గుండా మైకుకు వెళ్లే కరెంటు. భజనకో, ఊరి సభకో మైకు సెట్టు చూసుకునేవాళ్లు దీన్ని నమ్మి కార్యక్రమం మధ్యలో అవస్థపడుతున్నారు. ఇందులో నిలబడే మాట ఒక్కటీ లేదు.

గెయిన్ ఎక్కడుండాలో తేల్చేది మైకులోకి వచ్చే శబ్దం. నోటికి 5 సెంటీమీటర్ల దూరంలోని మైకును 10కి జరిపితేనే సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. హరిదాసు గొంతుకూ, మెల్లగా మాట్లాడే వ్యాఖ్యాతకూ ఒకే గీత ఎలా సరిపోతుంది? ముందు యాంప్లిఫైయర్ వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. ఛానల్ పీఎఫ్ఎల్ (ఫేడర్‌కు ముందున్న సిగ్నల్‌ను మీటరులో చూపే బటన్) నొక్కి, పాడేవారిని వేదిక మీద పాడేంత గట్టిగానే పాడమనండి. మీటరు 0 చుట్టూ ఆడేదాకా గెయిన్ తిప్పండి, పీక్ లైటు వెలిగితే కాస్త వెనక్కి రండి. పీఎఫ్ఎల్ లేకపోతే ఛానల్, మెయిన్ రెండూ 0 గుర్తు మీద ఉంచి మీటరు చూడండి. గెయిన్ దగ్గరే పగిలిన గొంతు, ఫేడర్ ఎంత దించినా పగిలే వినిపిస్తుంది. గెయిన్ మరీ తక్కువైతే ఆ లోటు పూడ్చేటప్పుడు మిక్సర్ బుస కూడా పైకొస్తుంది.

ఇక కూత. మైకు నుంచి స్పీకరు దాకా మొత్తం ఎంత పెంచామన్నదే దానికి లెక్క. గెయిన్‌లో 6 డెసిబెల్స్ తీసి ఫేడర్‌లో 6 కలిపితే మెయిన్ స్పీకర్లలో ఏమీ మారదు. మానిటర్‌కు (పాడేవారి వైపు తిప్పి పెట్టే స్పీకరు) వెళ్లే ఆక్స్ (విడి అవుట్‌పుట్) ప్రీ-ఫేడర్ అయితే, అంటే ఫేడర్‌కు ముందే సిగ్నల్ తీసుకుంటే, గెయిన్ తగ్గగానే గాయకుడికి తన గొంతు వినపడదు. పెంచమంటాడు. ఆక్స్ పెంచగానే కూత మళ్లీ మొదలు. అసలు మందు చోటు మార్చడంలో ఉంది: మెయిన్ స్పీకర్లను మైకుల కంటే ముందుకు జరపండి, మైకును నోటికి దగ్గర చేయండి, వాడని మైకులను మిక్సర్‌లో మ్యూట్ చేయండి. తెరిచి ఉన్న మైకులు రెట్టింపైతే సుమారు 3 డెసిబెల్స్ వెసులుబాటు పోతుంది. షూర్ ఎస్ఎమ్58 లాంటి కార్డియాయిడ్ మైకుకు (ముందు నుంచి బాగా, సరిగ్గా వెనక నుంచి అతి తక్కువగా వినేది) మానిటర్ సరిగ్గా వెనక ఉండాలి. బీటా 58ఏ లాంటి సూపర్‌కార్డియాయిడ్‌కు (ఇంకా ఇరుకుగా వినేది, కానీ సరిగ్గా వెనక నుంచి కొంత వింటుంది) వెనక నుంచి కాస్త పక్కకు ఉండాలి. మైకు జాలీని గుప్పిట్లో మూస్తే ఇలాంటి మైకులు సులువుగా కూస్తాయి.

చిన్న మిక్సర్లలో ట్రెబుల్ నాబ్ ఎక్కువగా 10, 12 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. కూత చాలాసార్లు అంతకంటే బాగా కిందే పుడుతుంది. ట్రెబుల్ తీసేస్తే పోయేది మాటల స్పష్టతే.

ఫాంటమ్‌లో 48 వోల్టులు ఎక్స్ఎల్ఆర్ (మూడు పిన్నుల మైకు ప్లగ్గు) 2, 3 పిన్నుల మీదికి సమానంగా వెళ్తాయి. కేబుల్ సరిగ్గా ఉంటే డైనమిక్ మైకు (పైన చెప్పిన మామూలు మైకు) కాయిల్ రెండు కొసల మధ్య తేడా ఉండదు, కరెంటు పారదు. చాలా చిన్న మిక్సర్లలో అన్ని ఛానళ్లకూ ఒకే ఫాంటమ్ స్విచ్ ఉంటుంది. భయపడి దాన్ని ఆపేస్తే ఆ కరెంటుతో నడిచే కండెన్సర్ మైకు మూగబోతుంది. జాగ్రత్త పడాల్సింది షార్టయిన కేబుళ్లతో, అన్‌బ్యాలెన్స్‌డ్ (సిగ్నల్ తీగ ఒక్కటే ఉండే) కేబుళ్లతో, పాత రిబ్బన్ (సన్నటి లోహపు పట్టీతో పనిచేసే) మైకులతో. స్విచ్ వేసే ముందు మెయిన్ దించండి, లేదంటే ఆ 'ధబ్' స్పీకర్లకు తగులుతుంది.